మన వంశవృక్షం మనమే రాసుకోవాలి

ఈ నెల మన సంఘం సభ్యులందరినీ ఒక పని చేయమని కోరుతున్నాం. ధర్నా కాదు, చందా కాదు. ప్రతి రైతు కుటుంబం తన వంశవృక్షాన్ని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ పేర్ల పక్కనే, ఆయా తరాల్లో ఎవరు ఏ భూమి దున్నారో, ఆ భూమి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో కూడా రాసుకోవాలి. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఇవాళ మన ఊళ్లల్లో సగం భూమి తగాదాలు ఆ కాగితం లేకపోవడం వల్లే ముదురుతున్నాయి కాబట్టి అడుగుతున్నాం.

హైదరాబాదులో శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వైపు వెళ్తే మన రైతుబిడ్డలు అడుగడుగునా కనిపిస్తారు. సినిమా ఆఫీసుల్లో, ఎడిటింగ్ గదుల్లో, కృష్ణానగర్ అద్దె గదుల్లో, అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లలో చాలామంది రెండు మూడు తరాల కింద నాగలి పట్టిన ఇళ్ల వాళ్లే. వాళ్లను ఒక్క మాట అడిగి చూడండి. అక్కినేని వారి మనవళ్ల పేర్లు, నందమూరి వారి మూడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మీ ముత్తాత పేరేంటి, ఆయన దున్నిన చేను సర్వే నంబరెంత అంటే నోరు మెదపరు. తప్పు వాళ్లది కాదు. సినిమా వాళ్ల వంశవృక్షాన్ని పత్రికలు, టీవీలు రాసిపెట్టాయి. రైతు వంశవృక్షాన్ని రాసిపెట్టేవాడు లేడు.

నిజానికి ఆ సినిమా కుటుంబాల వేర్లు కూడా మన పొలాల్లోనే ఉన్నాయి. ఎన్.టి. రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టారు. పెదనాన్న గారికి పిల్లలు లేకపోతే ఆయన్ని దత్తత ఇచ్చారు. అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ దగ్గర రామాపురంలో రైతు కుటుంబంలో అయిదుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. ఇంటి పరిస్థితి బాగోక చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. ఆ మనిషి తర్వాత గుడివాడ కాలేజీకి అండగా నిలిస్తే, ఆ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. డి. రామానాయుడు కారంచేడు రైతుబిడ్డ, సినిమాల్లోకి రాకముందు రైసుమిల్లు నడిపారు. కృష్ణది తెనాలి పక్కన బుర్రిపాలెం. ఒక తరం మద్రాసు వెళ్లింది, మరో తరం హైదరాబాదు వచ్చింది, ఆ తర్వాతి తరం అక్కడే పుట్టింది. మన ఇళ్లల్లో జరిగిందీ ఇదే. తేడా అల్లా వాళ్ల కథ అచ్చయింది, మన కథ అచ్చుకాలేదు.

శ్రీనగర్ కాలనీకి కూతవేటు దూరంలో సారథి స్టూడియో ఉంది. హైదరాబాదులో మొదటి స్టూడియో అదే. ఆ సారథి సంస్థ పేరుతోనే 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందారీ దోపిడీ మీద తీసిన సినిమా అది. దాని వెనుక ఉన్న డబ్బు ఒక జమీందారుది, చల్లపల్లి రాజాది. మిగతా జమీందార్లు గగ్గోలు పెట్టి దాన్ని నిషేధింపజేశారు. రైతు కథకు పెట్టుబడి జమీందారుది, ఆపింది కూడా జమీందార్లే. మన కథ ఎవరి చేతిలో ఉందన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే.

పాత రోజుల్లో వంశం ఎవరు చెప్పేవాళ్లు?

వంశం చెప్పడం మన దగ్గర కొత్త విద్య కాదు. పంట కళ్లానికి చేరే వేళకు పిచ్చిగుంట్ల వాళ్లు ఊళ్లోకి దిగేవాళ్లు. ఇప్పుడు వాళ్లను వంశరాజ్ అంటున్నారు. రెడ్లు, కాపుల ఇళ్ల ముందు నిలబడి ఇంటిపేరు, గోత్రం, ఎక్కడి నుంచి ఎక్కడికి వలస వచ్చారు, ఎవరికి ఎవరు పుట్టారు అనే వరుస అంతా పాటగా చెప్పి గింజలు పట్టుకెళ్లేవాళ్లు. ఇది భూమి ఉన్న కులాలకే ఉన్న భోగం అనుకుంటే పొరపాటు. పద్మశాలీలకు సాధనాశూరులు ఉన్నారు. మాదిగలకు డక్కలి వాళ్లు ఉన్నారు, జాంబపురాణం చెబుతారు. కరణం లెక్కల్లో సెంటు భూమి లేని మనిషికి కూడా, వాడి తాతముత్తాతలు ఎవరో చెప్పే మనిషి ఒకడు ఉండేవాడు.

అమెరికాలో అలెక్స్ హేలీ అనే నల్లజాతి రచయిత తన పూర్వీకులను వెతుక్కుంటూ ఆఫ్రికాలోని గాంబియా దాకా వెళ్లి, అక్కడ వంశం చెప్పే ముసలాయన నోట విన్నదాన్ని 1976లో పుస్తకంగా తెచ్చాడు. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ అదే. మన సభ్యుల్లో చాలామంది చదివే ఉంటారు. అందులో కొన్ని వివరాల మీద చరిత్రకారులకు అభ్యంతరాలు ఉన్నా, బానిసగా అమ్ముడైన వాడి మనవలకు కూడా ఒక వంశం ఉంటుందని అది లోకానికి చెప్పింది. అక్కడ ఆ ముసలాయన చేసిన పని, ఇక్కడ పిచ్చిగుంట్ల, డక్కలి వాళ్లు చేసిన పని ఒకటే. మనం ఆ పుస్తకం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాం గానీ, మన గుమ్మం ముందు నిలబడి మన వంశం చెప్పిన వాళ్లను కూర్చోబెట్టి రాసుకోలేదు. ఇప్పుడు వాళ్ల పిల్లలు కూలికి పోతున్నారు.

నోటి లెక్క వాళ్లది, రాత లెక్క కరణానిది, పట్వారీది. కరణం అందరికీ మేలు చేశాడని మనం అనం. గట్టు జరిపినా, పేరు మార్చినా ఆయన కలం చాలేది. కానీ ఏ ఇంట్లో ఎవరు చనిపోయారు, ఎవరు వారసులు అన్నది ఆయనకు ఎవరూ చెప్పకుండానే తెలిసేది. 1984 జనవరిలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. పల్లె మీద వాళ్ల పెత్తనం పోవడం మంచిదే. అయితే వాళ్లకు తెలిసిన విషయం ప్రజల చేతికి రాలేదు. పాత పుస్తకాలు కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని అటకల మీద చెదలు పట్టాయి. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్‌కు ఖాతా నంబరు తెలుసు, మనిషి తెలియదు.

నీళ్ల వెంట, చట్టాల వెంట నడిచిన కుటుంబం

రైతు కుటుంబం వంశవృక్షం గీస్తే అది ఒక ఊళ్లో నిలబడదు. నీళ్లు ఎటు పోతే కొమ్మ అటు పోతుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. మెట్ట పంటల ఊళ్లు మాగాణి అయ్యాయి. భూమికి ధర వచ్చింది, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా కూడా వచ్చింది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక డెల్టా వాళ్లు కొందరు నిజామాబాద్, బోధన్ వైపు వెళ్లి భూములు కొన్నారు. 1950ల్లో తుంగభద్ర కాలువలు వచ్చాక గంగావతి, సింధనూరు, రాయచూరు వైపు వెళ్లి క్యాంపులు వేసుకున్నారు. ఈ రోజుకీ అక్కడి ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక మళ్లీ ఒక వలస. అలా ఒక ఇంటిపేరు వాళ్లు గుడివాడలో, బోధన్‌లో, గంగావతిలో, ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో, అమెరికాలో ఉన్నారు. పెళ్లిళ్లకు, కర్మలకు కలుస్తారు. భూమి మాత్రం ఊళ్లో తాత పేరు మీద ఉంటుంది.

తెలంగాణ కుటుంబాల దారి వేరు. అక్కడ కొమ్మలు విరిచింది దొరలూ జాగీర్లూ. తాత దున్నిన చేను కాగితంలో దొర పేరు మీద ఉంటే ఆ తాత లెక్కలో లేడు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ రాశారు. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఒక కుటుంబం పేరు మొదటిసారి సర్కారు కాగితం ఎక్కింది చాలా ఇళ్లకు అప్పుడే. ఆ రిజిస్టర్‌లో పేరున్న తాతకు మనవళ్లమని రుజువు చేసుకోలేక హక్కు పోగొట్టుకున్న ఇళ్లు జిల్లా జిల్లాలో ఉన్నాయి. పేరు కాగితంలో ఉంది, భూమి కాళ్ల కింద ఉంది, ఈ రెంటికీ మధ్య వరుస చెప్పే సాక్ష్యం లేదు.

ఫిలింనగర్ భూములు కూడా రెవెన్యూ లెక్కల్లో షేక్‌పేట గ్రామం కిందివే. యూసుఫ్‌గూడ, ఎల్లారెడ్డిగూడ ఇవన్నీ పేర్లలో ఇంకా పల్లెలే. అక్కడ గజం ధర చెప్పేవాళ్లు ఉన్నారు. అక్కడ పశువులు మేపినవాళ్లు, గట్టు చెలకలు దున్నినవాళ్లు ఎవరో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఇవాళ నగరం చుట్టూ ఉన్న మన ఊళ్లకు రేపటి కథ అదే కావచ్చు.

వంశవృక్షాన్ని బాగా వాడుకున్నది పెద్ద భూస్వాములు. 1973 భూసంస్కరణల చట్టం అయిదుగురి కుటుంబానికి భూమి రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టింది. అప్పుడు కొందరి ఇళ్లల్లో వంశవృక్షం రాత్రికి రాత్రి కొమ్మలేసింది. ముందు తేదీల పంపకాలు, విడిపోయిన కొడుకులు, బంధువులు, పాలేళ్ల పేర్లు కూడా కాగితం ఎక్కాయి. వాళ్లకు కాగితం విలువ తెలుసు. చిన్న రైతుకే తెలియలేదు.

పంపకాల లెక్క

మన దగ్గర ఆస్తి పంపకం అంటే భాగహారం. తాతకు ఇరవై ఎకరాలు ఉంటే, నలుగురు కొడుకులకు తలా అయిదు. వాళ్లకు ఇద్దరేసి పిల్లలైతే తలా రెండున్నర. దేశం లెక్కా అదే చెబుతోంది. 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 వ్యవసాయ గణన నాటికి 1.08 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్‌లో 0.94, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలకు అటూ ఇటూ. ఇంత చిన్న ముక్క మీద ఇంకో తగాదా పడితే ఆ కుటుంబం వ్యవసాయంలో మిగలదు.

ఈ తగాదా ఎలా పుడుతుందో మన సభ్యులకు చెప్పక్కర్లేదు. తాత చనిపోయి పాతికేళ్లు అవుతుంది. విరాసత్ చేయించుకోరు, ఎందుకంటే అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారు, అంతా సఖ్యంగానే ఉన్నారు. తరం మారుతుంది. ఇద్దరు హైదరాబాదులో, ఒకరు విదేశంలో, ఒక్కడే ఊళ్లో. ఊళ్లో ఉన్నవాడు సేద్యం చేస్తాడు కానీ వాడి పేరు మీద పాసుపుస్తకం లేదు. బ్యాంకు అప్పు లేదు, పెట్టుబడి సాయం రాదు, పంట అమ్ముకోవాలంటే వేరేవాళ్ల పేరు చెప్పాలి. ఇంతలో ఎవరో ఒక దాయాది తన వాటా కాదు, మొత్తం చేను బేరం పెడతాడు. అప్పుడు మొదలవుతుంది పరుగు. మొన్న ఒక మండల కార్యాలయంలో మన సభ్యుడు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం ఏడు సార్లు తిరిగాడు. తాత అన్నదమ్ముల్లో ఒకాయన ఎప్పుడు చనిపోయారో చెప్పే కాగితం లేదన్నది ఒక్కటే కొర్రీ. ఆ సంగతి తెలిసిన మేనత్త కిందటేడే పోయింది. ఆమె ఉన్నప్పుడు ఎవరైనా పది నిమిషాలు కూర్చొని రాసుకుని ఉంటే, ఆ కాగితం ఎక్కడ వెతకాలో కనీసం తెలిసేది.

చెట్టు మీద లేని పేర్లు

మనం రాసుకునే వంశవృక్షం పాతవాళ్లు చెప్పినట్టే ఉంటే కుదరదు. అందులో కొందరి పేర్లు ఉండవు. వాళ్ల పేర్లు రాయడమే అసలు పని.

మొదట ఆడపిల్లలు. పాత వంశవృక్షంలో కొడుకు కింద కొడుకు, మనవడి కింద మునిమనవడు. కూతురు పెళ్లయ్యాక చెట్టు మీదనుంచి రాలిపోతుంది. నాట్లు వేసిందీ, కలుపు తీసిందీ, పాడి చూసిందీ ఆమే. దేశంలో కమతాలు ఆడవాళ్ల పేరు మీద ఉన్నది నూటికి దాదాపు 14. మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికంటే ముందు నడిచింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన వాళ్లను పక్కన పెట్టింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని, పుట్టుకతోనే కూతురికి హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిన పంపకాలను మాత్రం ఈ చట్టం తిరగదోడదు.

ఇది రాస్తే మన సభ్యుల్లో కొందరికి కోపం వస్తుందని తెలుసు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం అల్లుడి చేతికి పోయింది, ఆడపిల్ల చేతికి భూమి రాలేదు. ఆమె పేరు దాచి చేసిన విరాసత్ ఎప్పటికైనా కోర్టులో నిలవదు. ముందే రాసి, అడిగి, ఆమె ఇష్టంతో తేల్చుకుంటే ఇల్లూ నిలుస్తుంది, అక్కాచెల్లెళ్ల రాకపోకలూ నిలుస్తాయి. పురుగుమందు తాగి చనిపోయిన రైతు భార్యకు ఆ చేను పేరు మార్చడానికి అత్తింటి వాళ్లు అడ్డం పడిన ఘటనలు మనం ఎన్ని చూశాం? ఆ ఇళ్లల్లో కోడలు పేరు చెట్టు మీద ఎక్కి ఉంటే అంత తేలిగ్గా గెంటేవాళ్లు కాదు.

రెండో వాళ్లు కౌలు రైతులు. పట్టా శ్రీనగర్ కాలనీలో ఉంటోంది, నాగలి ఊళ్లో ఉంటోంది. మూడు తరాలుగా ఒకే చేను కౌలుకు చేస్తున్న ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. తాత, కొడుకు, మనవడు అదే మట్టిలో చెమట కార్చారు. ఏ కాగితంలోనూ వాళ్ల పేరు లేదు. 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు, తెలంగాణలో అది అటకెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కార్డు ఇస్తానంటుంది, యజమాని సంతకం పెట్టాలంటుంది, అదీ పదకొండు నెలలకే. తెలంగాణలో 2018 నుంచి రైతుబీమా అయిదు లక్షలు పట్టాదారు కుటుంబానికే, కౌలు రైతు చస్తే ఆ ఇంటికి రూపాయి లేదు. కౌలు రైతు సోదరులు తమ కౌలు చరిత్రను, ఏ ఏడాది నుంచి ఎవరి చేను చేస్తున్నారో రాసిపెట్టుకోవాలి. ఇది యజమాని భూమి లాక్కోవడానికి కాదు. ఈ చేను పండించింది ఎవరో చెప్పడానికి.

మూడో వాళ్లు పాలేళ్లు, కూలీలు. మన తాతల కాలంలో మన గొడ్లను కాసిన, మన చేలు కోసిన కుటుంబాలు ఏ ఇంటి వంశవృక్షంలోనూ ఉండవు. ఆ పేర్లు కూడా మన కాగితంలో ఒక పక్కన రాయాలని సంఘం కోరుతోంది. ఒక చేను కథ యజమాని ఒక్కడి కథ కాదు.

ఎలా రాయాలి

పెద్ద చదువు అక్కర్లేదు. పిల్లల నోటుబుక్కు చాలు.

ముందు ఇంట్లో, బంధువుల్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తాతయ్య కన్నా నాయనమ్మలకే ఎక్కువ తెలుస్తుంది, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ కరువులో ఏ చేను అమ్మారో వాళ్లు చెబుతారు. పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఊరు, పుట్టిన, పోయిన సంవత్సరం, దత్తత ఉంటే దత్తత. సంవత్సరం తెలియకపోతే ఫలానా తుపాను ముందు, ఫలానా కాలువ తవ్వినప్పుడు అని రాసినా చాలు. ఫోనులో వాళ్ల మాట రికార్డు చేసి పెట్టుకోండి.

తర్వాత కాగితాలు. తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీ, పాత పహాణీలు. ఆంధ్రలో ఆర్‌.ఎస్‌.ఆర్‌., పాత అడంగల్, 1బి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, పాత దస్తావేజుల నకళ్లు. ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టర్, పాత ఓటర్ల జాబితా. కాశీ, గయ వెళ్లి పిండం పెట్టిన ఇళ్ల వాళ్లు అక్కడి పండాల పుస్తకాల్లో అడిగినా పేర్లు దొరుకుతాయి. నిజాం కాలం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి, ఊళ్లో ఉర్దూ చదవగల పెద్దలు ఉంటే ఇప్పుడే చదివించుకోండి.

రాసిన దాని నకలు ఒకటి ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర, ఒకటి పట్నంలో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి. శ్రీనగర్ కాలనీలో ఉన్న మన పిల్లలకు ఇందులో పెద్ద పని ఉంది. కంప్యూటర్లో ఎక్కించడం, ఆఫీసుల వెబ్‌సైట్లలో వెతకడం వాళ్లకు చిటికెలో పని. సెలవుకు ఊరొచ్చినప్పుడు ఒక పూట దీనికి ఇవ్వమనండి. తాము అమ్మాలనుకునే చేను ఎవరి చేతుల మీదుగా తమ దాకా వచ్చిందో తెలిశాక వాళ్లూ ఒకసారి ఆలోచిస్తారు.

ప్రభుత్వాలకు మా డిమాండ్లు

పట్టాదారు చనిపోతే వారసులందరికీ, ఆడపిల్లలతో సహా, నోటీసు ఇచ్చి గ్రామంలోనే విచారణ జరిపి గడువు లోపల విరాసత్ పూర్తి చేయాలి. పాత రికార్డుల నకళ్లు రైతుకు ఉచితంగా ఇవ్వాలి. ఉర్దూ రికార్డులు చదివేవాళ్లను ప్రతి డివిజన్‌లో నియమించాలి. యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభ సాక్ష్యంతో కౌలు రైతును గుర్తించాలి. ఇప్పుడు ఇస్తున్న రైతు గుర్తింపు సంఖ్యలో పట్టా ఉన్నవాడే కాక సాగు చేసేవాడు కూడా ఉండాలి. పంట పండించేవాడి పేరు లేని జాబితాను రైతుల జాబితా అనడం అన్యాయం.

ప్రభుత్వం చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. వచ్చే నెల శాఖా సమావేశానికి ప్రతి సభ్యుడు కనీసం మూడు తరాల పేర్లు, ఆ భూమి సర్వే నంబర్లు రాసుకుని రావాలి. అక్కాచెల్లెళ్ల పేర్లు, కోడళ్ల పేర్లు ఉన్నాయా లేదా అని శాఖ కార్యదర్శులు చూడాలి. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు ముందుగా వెళ్లాలి. ఊళ్లో ఒక ముసలమ్మ పోతే మన సంగతులు చెప్పే సాక్షి ఒకరు పోయినట్టే, ఆ సాక్ష్యం మళ్లీ ఏ ఆఫీసులోనూ దొరకదు.